పాటల ముచ్చట్లు: జాక్సన్ దానాలు, మన దివిసీమ, పాతికేళ్ల పన్ను గొడవ

పోయిన సంచికలో మైకెల్ జాక్సన్ ముంబై షో ఫొటో ఒకటి వేసి, కింద నాలుగు ముక్కలు రాశాం. అంతే, ఉత్తరాలు, మెయిళ్లు, వాట్సాప్‌లు ఒకటే రావడం. సగం పొగడ్తలు, సగం తిట్లు. ఆయన పోయింది 2009 జూన్ 25న, అయినా పేరెత్తితే ఇప్పటికీ ఎవరూ ఊరుకోరు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ, అందుకని పేటల పేర్లు మాత్రం ఉంచాను.

1996లో జాక్సన్ ముంబై దాకా వచ్చి మన హైదరాబాద్ ఎందుకు రాలేదు సార్? అప్పుడు నేను డిగ్రీ. రైలెక్కి వెళ్తానంటే మా నాన్న కాళ్లు విరగ్గొడతానన్నాడు. ఆ షో ఉచితంగా చేశాడంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

హైదరాబాద్ ఒక్కటే కాదండీ, ఢిల్లీకీ చెన్నైకీ కూడా ఆ భాగ్యం లేదు. హిస్టరీ టూర్ అని 1996 సెప్టెంబర్‌లో ప్రాగ్‌లో మొదలుపెట్టి మరుసటి ఏడాది అక్టోబర్‌లో డర్బన్‌లో ముగించాడు. మొత్తం 82 షోలు. మన దేశం వాటాకి వచ్చింది ఒక్కటే, నవంబర్ 1న అంధేరీ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో. స్టేజీ సామానంతా సరుకు విమానాల్లో మోసుకుని తిరిగే షో అది. మనకా అప్పట్లో ఉన్నది బేగంపేట విమానాశ్రయం. పైగా అంత డబ్బు పెట్టి షో చేయించే స్పాన్సర్లు, ఆర్గనైజర్లు ఆ రోజుల్లో ముంబై దాటి వచ్చేవాళ్లు కాదు. విమానం దిగగానే సోనాలీ బెంద్రే మరాఠీ కట్టు చీరలో హారతి పట్టింది, ఆ తర్వాత జాక్సన్ శివసేన అధినేత బాల్ ఠాక్రే ఇల్లు మాతోశ్రీకి వెళ్లి ఆయన్ని కలిశాడు. ఆ ఫొటోలు మీరు చూసే ఉంటారు.

ఇక ఉచితం సంగతి. ఉచితం కాదు, టికెట్లు అమ్మారు. ఆ రాబడి మరాఠీ యువతకి ఉపాధి చూపించడానికని రాజ్ ఠాక్రే నడిపిన శివ్ ఉద్యోగ్ సేన పేరు మీద షో పెట్టారు. ధర్మకార్యం కదా అని అప్పటి శివసేన–బీజేపీ ప్రభుత్వం వినోదపు పన్ను మాఫీ చేసింది. అసలు కథ అక్కడ మొదలైంది. ముంబై గ్రాహక్ పంచాయత్ అనే వినియోగదారుల సంఘం కోర్టుకెక్కింది, ఇది ధర్మకార్యం ఎలా అయింది, వ్యాపారం కదా అని. మూడు కోట్లకు పైగా పన్ను డబ్బు ఎటూ తేలకుండా ఇరుక్కుపోయింది. 2011లో బొంబాయి హైకోర్టు ఆ మాఫీ చెల్లదని కొట్టేసి, మళ్లీ ఆలోచించి నిర్ణయం తీసుకోమని ప్రభుత్వానికి చెప్పింది. ఆ ఆలోచన తెగింది ఎప్పుడనుకున్నారు? 2021 జనవరిలో, ఉద్ధవ్ ఠాక్రే మంత్రివర్గం మళ్లీ మాఫీకే ఓటేసింది. పాడినాయన పోయి అప్పటికి పదకొండేళ్లు. ఆయన ఆడిపాడింది ఒక్క సాయంత్రం, దాని మీద పన్ను వాదన పాతికేళ్లు నడిచింది. నాకైతే ఆ షోలో పాటల లిస్టు కన్నా ఈ ఫైలు ఎక్కువ నచ్చుతుంది. ‘చారిటీ షో’ అన్న బోర్డు కనిపించగానే ఎవరికి, ఎంత, ఏ ఖాతాలోకి అని అడగాలని ఆ సంఘంవాళ్లకి తట్టింది చూడండి, అది గొప్ప సంగతి.

మా బాబు ఆరో తరగతి. హాల్లో సాక్సులేసుకుని రోజంతా మూన్‌వాక్ అంటూ వెనక్కి నడుస్తున్నాడు, రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు. అది జాక్సన్ కనిపెట్టిందేనా? ఎలా చేస్తారో కొంచెం చెప్పండి, వీడికి సరిగ్గా రాక నాకు టెన్షన్.
– ఒక అమ్మ, దిల్‌సుఖ్‌నగర్

ముందు టెన్షన్ సంగతి. టైల్స్ మీద సాక్సులు బాగా జారతాయి, అందుకే వాడికి సరదా, అందుకే పడుతున్నాడు కూడా. కొన్నాళ్లు ఒక చేత్తో డైనింగ్ టేబుల్ అంచు పట్టుకుని చేయమనండి.

ఎలాగంటే, కుడి కాలి మడమ పైకి లేపి మునివేళ్ల మీద నిలబడాలి. ఒంటి బరువంతా ఆ కాలి మీదే ఉండాలి. ఎడమ పాదం నేలకి పూర్తిగా ఆనించి, దాని మీద బరువు వేయకుండా వెనక్కి జార్చాలి. అది వెనక్కి చేరిన క్షణంలోనే ఎడమ మడమ లేవాలి, కుడి మడమ దిగాలి. రెండూ ఒకేసారి జరగాలి, కిటుకంతా అక్కడే. బరువు ఇటునుంచి అటు మారింది కాబట్టి ఇప్పుడు కుడి పాదం జారుతుంది. పిల్లలు చేసే పొరపాటేమిటంటే మడమ లేచిన కాలినే వెనక్కి లాగబోతారు, బరువు దాని మీదే ఉంది కాబట్టి అది కదలదు, ఇక నడుం ఊపుతూ తంటాలు పడతారు. తల, భుజాలు ఎగరకుండా ఒకే ఎత్తులో ఉంటే చూసేవాళ్లకి గాల్లో తేలినట్టు ఉంటుంది.

కనిపెట్టింది ఆయన కాదు. 1950ల్లోనే బిల్ బెయిలీ అనే నల్లజాతి డాన్సర్ స్టేజీ మీద వెనక్కి జారుతూ నిష్క్రమించేవాడు. 1982లో జెఫ్రీ డేనియల్ బ్రిటిష్ టీవీలో చేశాడు. జాక్సన్ కూడా వీధుల్లో ఆడే నల్లజాతి పిల్లల దగ్గర నేర్చుకున్నానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. అయితే 1983 మార్చి 25న పాసడీనాలో మోటౌన్ రికార్డుల కంపెనీ పాతికేళ్ల పండగలో ‘బిల్లీ జీన్’ పాటకి అది చేశాడు, మేలో టీవీలో వచ్చింది, తెల్లారేసరికి అమెరికా అంతా అదే మాట. ఆ ప్రదర్శనలో మూన్‌వాక్ ఉన్నది కొన్ని క్షణాలే, వెతికి చూడండి.

అన్నా, ముందుకు 45 డిగ్రీలు వంగి పడిపోకుండా నిలబడతాడే, అది తీగలు కట్టా?
– ఇంటర్ స్టూడెంట్, ఉప్పల్

‘స్మూత్ క్రిమినల్’ వీడియోలో తీగలే. స్టేజీ మీద మాత్రం బూటు. మడమలో ఒక గాడి ఉంటుంది, సరైన సమయానికి స్టేజీ నేలలోంచి ఒక మేకు పైకొస్తుంది, గాడిని దానికి తగిలించి వంగుతాడు. ఆ బూటుకి జాక్సన్, మరో ఇద్దరి పేర్ల మీద 1993లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. బూటు ఉన్నా వెన్ను, పిక్కలు ఉక్కులా ఉండాలి తమ్ముడూ, ఇంట్లో ప్రయత్నించకు.

మన చిరంజీవి ‘గోలీమార్’ పాట జాక్సన్ కాపీయే కదా? ఒప్పుకోండి.
– టోలిచౌకి

ఒప్పుకుంటాను. 1985 ‘దొంగ’ సినిమాలోది, ‘థ్రిల్లర్’ వీడియో చూసి చేసిందే, ఎర్ర జాకెట్‌తో సహా. ఇంటర్నెట్ వచ్చాక విదేశాలవాళ్లు నవ్వుకోవడానికి చూశారు గానీ, ఆ వేగంలో చిరంజీవి ఒళ్లు ఎలా తిరిగిందో గమనించినవాళ్లు తక్కువ.

అతను తెల్లవాడు కావాలని చర్మం మార్పించుకున్నాడు, తన జాతినే కాదనుకున్నాడు. అలాంటివాడి గురించి పేజీలు పేజీలు రాస్తారా?
– బోడుప్పల్

ఈ మాట నేను వందమంది నోట విన్నాను, అందరూ కళ్లారా చూసినట్టే చెబుతారు. ఆయనకి ఉన్నది బొల్లి. 1993 ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రేకి టీవీలో ఇచ్చిన ఇంటర్వ్యూలో తనే చెప్పాడు, చాలామంది నమ్మలేదు. చనిపోయాక పోస్ట్‌మార్టం నివేదికలో అదే తేలింది. మొదట్లో మచ్చల్ని ముదురు రంగు మేకప్‌తో కప్పేవాడు, మచ్చలు ఎక్కువయ్యాక మిగిలిన చర్మాన్నే వాటితో కలిపేయాల్సి వచ్చింది. ముక్కుకి ఆపరేషన్లు చేయించుకున్నాడు, అది వేరే కథ, దానికి ఆయన్ని ఎంతైనా అనండి. బొల్లి సంగతి మాత్రం వదిలేయండి. అది అంటుకునేది కాదు, కుష్టు కాదు, పాపఫలం అంతకన్నా కాదు. మన ఊళ్లో ఇప్పటికీ బొల్లి ఉందని పెళ్లి సంబంధాలు వెనక్కి పోతున్నాయి, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా లేకుండా గడప దాటని పిల్లలున్నారు.

బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సెలబ్రిటీల దానధర్మాలన్నీ ట్యాక్స్ కోసం, పేపర్లో ఫొటో కోసం. జాక్సన్ నిజంగా జేబులోంచి తీసి ఇచ్చింది ఏదైనా ఉంటే లెక్కతో చెప్పండి, పాటలు రాశాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు అని చెప్పొద్దు.
– సికింద్రాబాద్

బ్యాంకు మనిషి ప్రశ్న ఇలాగే ఉండాలి. లెక్కతోనే చెబుతాను.

1984 జనవరి 27, లాస్ ఏంజెలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియం. పెప్సీ ప్రకటన షూటింగ్. వెనక బాణసంచా ఒక క్షణం ముందే పేలి ఆయన జుట్టు అంటుకుంది. అది తెలియక మెట్లు దిగుతూ డాన్స్ చేస్తూనే ఉన్నాడు, మనుషులు మీదపడి ఆర్పేదాకా. మాడు కాలింది. పరిహారంగా వచ్చిన 15 లక్షల డాలర్లు మొత్తం తనకి చికిత్స చేసిన కల్వర్ సిటీ బ్రోట్‌మన్ ఆసుపత్రికి, కాలిన గాయాల విభాగం కోసం ఇచ్చేశాడు. ఎవరు ఇచ్చారు, ఎవరికి, ఎందుకు, ఎంత, అన్నీ స్పష్టంగా ఉన్న దానం ఇది. ఆయన దానాల్లో నా మార్కులు దీనికే ఎక్కువ. (నొప్పి మాత్రలకి అలవాటుపడ్డానని 1993లో ఆయనే బయటపెట్టి టూర్ ఆపేసినప్పుడు ఆ మాడుకి చేసిన ఆపరేషన్నే కారణంగా చెప్పాడు. చివరికి ప్రాణం తీసిందీ మందే, మత్తుమందు ప్రొపొఫోల్. ఇచ్చిన డాక్టర్‌కి 2011లో శిక్ష పడింది.)

అదే ఏడాది అన్నదమ్ములందరూ కలిసి విక్టరీ టూర్ పెట్టారు. టికెట్ 30 డాలర్లు, కానీ ఒక్కటి కొనడానికి వీల్లేదు, నాలుగు కొనాలి, 120 డాలర్లు ముందే మనీయార్డర్ కట్టాలి, ఆ తర్వాత లాటరీ తీస్తారు. రాకపోతే డబ్బు వారాల తర్వాత వాపసు, ఆ మధ్యలో వడ్డీ ఎవరికో మీకు నేను చెప్పక్కర్లేదు. పదకొండేళ్ల అమ్మాయి ఒకతె డల్లాస్ పేపర్‌కి ఉత్తరం రాసింది, నీకు ఇంత ఆశెందుకు అన్నట్టు. జాక్సన్ ప్రెస్ మీట్ పెట్టి ఆ పద్ధతి మార్పిస్తానన్నాడు, తన వాటా మొత్తం ధర్మానికి ఇస్తానన్నాడు, ఇచ్చాడు. అందులో కొంత నల్లజాతి విద్యార్థుల చదువుల నిధికి, కొంత క్యాన్సర్ పిల్లలకి వెళ్లింది. మీరు ఫొటో కోసమే అనొచ్చు. అనండి. సీటు దొరికిన విద్యార్థికి ఆ తేడా ఉండదు.

తర్వాత 1985 జనవరి 28 రాత్రి, ‘వీ ఆర్ ద వరల్డ్’. జాక్సన్, లయనెల్ రిచీ రాశారు. అవార్డుల ఫంక్షన్ అయ్యాక నలభై మందికి పైగా పెద్ద గాయకులు ఒకే స్టూడియోకి వచ్చి తెల్లవార్లూ పాడారు. మీ అహం గుమ్మం దగ్గర వదిలి రండి అని తలుపు మీద కాగితం అంటించాడు నిర్మాత క్విన్సీ జోన్స్. ఇథియోపియా కరువు కోసం ఆ పాట, దాని వెంట అమ్మినవీ కలిపి 6 కోట్ల డాలర్లు దాటాయి. ఇక్కడ కూడా డబ్బు రావడం తేలిక, చేరడం కష్టం. ఓడరేవులో ధాన్యం బస్తాలు, లోపలికి మోయడానికి లారీల్లేవు. బ్రిటన్‌లో ఇదే పని చేసిన బాబ్ గెల్డాఫ్ వాళ్లయితే చివరికి సొంతంగా లారీలు కొనాల్సి వచ్చింది.

మనకిది కొత్తేం కాదు. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వస్తే ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో తిరగలేదూ? అమెరికావాళ్ల పాటకి ఏడేళ్ల ముందు. గాయని ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సంగతి మరీ వింత. కచేరీల డబ్బు ఆసుపత్రులకి, గుళ్లకి, బడులకి ఇచ్చేసి ఇచ్చేసి చివరికి ఇంట్లోనే ఇబ్బంది పడుతుంటే, 1980 ప్రాంతంలో టీటీడీ ఈవో పీవీఆర్‌కే ప్రసాద్‌గారు ఊరికే ఇస్తే తీసుకోరని అన్నమయ్య కీర్తనలు రికార్డు చేయించి, ఆ రూపంలో అందేలా చూశారు. దానంలో ఆవిడ ముందు జాక్సన్ కూడా చేతులు కట్టుకోవాల్సిందే, ఇది నా అభిప్రాయం, కొట్టుకోవద్దు.

ఇక ఆయన ఖాతాలో ఎర్రగీత కూడా చెప్పాలి. 1992లో హీల్ ద వరల్డ్ ఫౌండేషన్ పెట్టాడు. యుద్ధంలో ఉన్న బోస్నియాలోని సరజేవోకి విమానంలో మందులు, దుప్పట్లు పంపించారు, డేంజరస్ టూర్ డబ్బు దీనికే అన్నారు. ఆ తర్వాత ఆఫీసు నడిపే నాథుడు లేక, ఏటా ఇవ్వాల్సిన లెక్కలు ఇవ్వక, 2002లో పన్ను మినహాయింపు హోదా పోయింది. 39 సంస్థలకి సాయం చేసిన పాప్ స్టార్ అని గిన్నిస్‌వాళ్లు రాశారు. మీలాంటి అకౌంటెంట్ ఒకరు ఆయన దగ్గరుండుంటే ఆ 39 తగ్గినా ఫౌండేషన్ బతికేది.

పిల్లల విషయంలో అతని మీద వచ్చిన ఆరోపణలు రాయకుండా దాటేశారు. మా పాప అతని పాటలు వింటుంది, వినొద్దనాలా?
– కూకట్‌పల్లి

పోయినసారి చోటు లేక రాయలేదు, ఇప్పుడు రాస్తాను. 1993లో ఒక బాలుడి తరఫున ఆరోపణ వచ్చింది, 1994లో భారీ మొత్తానికి సివిల్ రాజీ అయింది, క్రిమినల్ కేసు పెట్టలేదు. 2003లో ఇంకో బాలుడి కేసులో అరెస్టు, 2005 జూన్ 13న జ్యూరీ అన్ని అభియోగాల్లోనూ నిర్దోషి అంది. 2019లో ఇద్దరు పెద్దవాళ్లు చిన్నప్పుడు తమకి జరిగిందంటూ డాక్యుమెంటరీలో చెప్పారు, జాక్సన్ ఎస్టేట్ అదంతా అబద్ధమంటుంది, 2023లో అప్పీలు కోర్టు వాళ్ల దావాలు ముందుకు నడవొచ్చంది. పరాయి పిల్లల్ని తన గదిలో పడుకోబెట్టుకోవడం తప్పు కాదని టీవీలో వాదించింది మాత్రం ఆయనే. ఏ తల్లీ అంగీకరించకూడని మాట అది. అనాథాశ్రమాలకి డబ్బిచ్చాడు కాబట్టి అలాంటివాడు కాదు అని అభిమానులు రాస్తుంటారు, ఆ వాదన నాకు అస్సలు నచ్చదు. రసీదు చూసి మనిషి నడవడికకి సర్టిఫికెట్ ఇవ్వలేం. పాట విననివ్వండి. పాప పెద్దదయ్యాక ఈ సంగతులు మీ నోటితోనే చెప్పండి, పెద్ద పేరున్నవాళ్లయినా సరే పరాయి ఇంట్లో పడుకోవడానికి పిల్లల్ని పంపకూడదన్నది కూడా కలిపి.

బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చినప్పుడు వెళ్లాం. ఒక్కడే గిటార్ పట్టుకుని నిలబడ్డాడు, కానీ పదిమంది వాయించినట్టు వినిపించింది. రికార్డింగ్ పెట్టి మోసం చేశాడని మా బావ అంటాడు.
– హయత్‌నగర్

2025 ఫిబ్రవరి 2 షో కదా. మీ బావగారికి చెప్పండి, రికార్డింగే, కానీ మీ ముందే చేసింది. కాలి దగ్గర లూప్ పెడల్ ఉంటుంది. తొక్కి గిటార్ చెక్క మీద చేత్తో కొడతాడు, ఆ దెబ్బ తిరిగి తిరిగి మోగుతూ ఉంటుంది. మళ్లీ తొక్కి దాని మీద తీగలు, మళ్లీ తొక్కి గొంతు. ఒక్క తొక్కు ఆలస్యమైనా పాటంతా కుంటుతుంది, అందుకే కళ్లు కిందికే ఉంటాయి. వారం తర్వాత బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ మీద పాడుతుంటే పోలీసాయన మైకు తీగ పీకేశాడు, ఆ సాయంత్రమే షోలో శిల్పారావుతో కలిసి మన ‘చుట్టమల్లే’ తెలుగులో పాడాడు. ఉచ్చారణ ఫర్వాలేదు, మన హీరోయిన్లలో కొందరికన్నా నయం.

ఇతని ధర్మం తీరు వేరు. పాత బట్టలు సంచులకొద్దీ సొంత జిల్లా సఫక్‌లో ధర్మాసుపత్రి నడిపే దుకాణానికి ఇస్తాడు, వాళ్లు అమ్ముకుంటారు. 2025లో బ్రిటన్ పిల్లల సంగీతం చదువు కోసం ఫౌండేషన్ పెట్టాడు. 2024లో గెల్డాఫ్ వాళ్లు పాత ఆఫ్రికా సాయం పాటని మళ్లీ విడుదల చేస్తూ ఇతని గొంతు వాడుకుంటే, నన్నడిగి ఉంటే వద్దనేవాణ్ణి అన్నాడు. ఘనా మూలాలున్న ఫ్యూజ్ ఓడీజీ అనే గాయకుడు, ఇలాంటి పాటల వల్ల ఆఫ్రికా అంటే ఆకలి తప్ప ఇంకేం లేదన్న ముద్ర పడి, పెట్టుబడులు, పర్యాటకం దెబ్బతింటున్నాయని వాదిస్తాడు. షీరన్ ఆ మాటే ఎత్తిచూపాడు. జాక్సన్ కాలంలో ఇలా అడిగినవాళ్ల గొంతు ఎవరికీ వినబడలేదు.

మా హాస్టల్‌మేట్ తమ్ముడికి ఆపరేషన్. మా బ్యాండ్ కాలేజీ గ్రౌండ్‌లో చారిటీ షో పెట్టాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అన్నా?
– ఇంజినీరింగ్ స్టూడెంట్స్, ఘట్‌కేసర్

షో కన్నా ముందు ఒక పని. ఆ జబ్బు రాజీవ్ ఆరోగ్యశ్రీలో ఉందేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి, మన రాష్ట్రంలో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా వర్తిస్తుంది. లేకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి అప్లై చేయించండి. ఆ రెండూ పోగా మిగిలిందే మీ టార్గెట్.

డబ్బు ఎవరి ఫోన్‌పేలోనూ పడకూడదు, మీలో ఎంత నమ్మకస్తుడైనా సరే. ఆసుపత్రి ఖాతాకే, రోగి నంబరు మీద కట్టించండి. రసీదు తీసి షో గ్రూపులో పెట్టండి. పన్ను మినహాయింపు ఉంటుందని ఎవరికీ చెప్పొద్దు, అది ఆదాయపు పన్ను శాఖ దగ్గర అందుకు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలకిచ్చే విరాళాలకే, అదీ పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకి, నగదైతే 2,000 దాటితే అదీ లేదు. టికెట్ పెట్టి సినిమా పాటలు పాడితే కాపీరైట్ లైసెన్స్ కావాలి, పాటల హక్కులు చూసే సంఘం ఐపీఆర్‌ఎస్‌వాళ్లని ముందే కనుక్కోండి. పోలీసు పర్మిషన్ ఉన్నా రాత్రి పదికి మైకు ఆపాల్సిందే, కాబట్టి మీ లీడ్ సింగర్‌ని ఏడింటికే స్టేజీ ఎక్కించండి, ముఖ్య అతిథుల ప్రసంగాలు పెట్టుకోవద్దు. సౌండ్‌వాళ్ల బిల్లు, షామియానా బిల్లు ముందే ఎవరితోనైనా స్పాన్సర్ చేయించుకోండి, లేకపోతే వచ్చినదంతా స్పీకర్లకే పోతుంది. షో తేదీ ఖాయమయ్యాక పోస్టర్ పంపండి, ఈ పేజీలో వేస్తాను.